ఆ పేరులేని పార్టిషన్లను ముట్టుకోకండి

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఉన్నదల్లా ఒక్క సీ డ్రైవే. అందులో దాదాపు 200 జీబీ ఖాళీగా ఉంది. కోర్సు కోసం లినక్స్ కావాలి, అందులో ఒక రకమైన ఉబుంటు వేసుకుందామనుకుంటున్నాను. విండోస్‌ను తీసేయలేను. ఇంట్లో అందరి ఫొటోలు, నా ఆఫీసు పని అంతా అందులోనే ఉన్నాయి. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను ష్రింక్ (చిన్నది) చేయబోతే 18 జీబీకి మించి తగ్గనివ్వడం లేదు. తెలిసినవాళ్లు ఒకరు ‘పక్కన పేరు లేకుండా ఉన్న చిన్న పార్టిషన్లు డిలీట్ చెయ్యి, చోటొస్తుంది’ అన్నారు. ఇంకొకరు ముందు డీ డ్రైవ్ చేసి అందులో లినక్స్ వేయమన్నారు. రూట్, హోమ్, స్వాప్ అని మూడు పార్టిషన్లు చేయాలని ఇంకోచోట చదివాను. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. తర్వాత వద్దనుకుంటే మళ్లీ మామూలుగా చేసుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

జవాబు: ఏదీ డిలీట్ చేయకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ఆ పేరులేని పార్టిషన్లను (డిస్క్‌లో విడదీసిన భాగాలను) ముట్టుకోకండి. మీ ప్రశ్నలన్నిటిలో ముందుగా జవాబు చెప్పాల్సింది దీనికే.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌కు ఎడమ పక్కన 100 ఎంబీయో, ఇంకాస్త ఎక్కువో సైజులో కనిపించేది ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్. కంప్యూటర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డులోని స్టార్టప్ ప్రోగ్రాము యూఈఎఫ్‌ఐ (చాలామంది బయోస్ అనే అంటారు) వెతికేది దాన్నే. విండోస్‌ను మొదలుపెట్టే బూట్ ఫైళ్లు సీ డ్రైవ్‌లో ఉండవు, ఇందులో ఉంటాయి. దీన్ని తీసేస్తే సీ డ్రైవ్‌లో మీ ఫైళ్లన్నీ అలాగే ఉన్నా విండోస్ మాత్రం తెరుచుకోదు. రేపు లినక్స్ బూట్ ఫైళ్లు వెళ్లి కూర్చునేదీ ఇక్కడే. కుడి పక్కన కొన్ని వందల ఎంబీల్లో ఉండేది రికవరీ పార్టిషన్. విండోస్ మొరాయించినప్పుడు వచ్చే రిపేర్ స్క్రీన్ అందులోనే ఉంటుంది. ఇవి కాక 16 ఎంబీల రిజర్వ్‌డ్ పార్టిషన్ ఇంకొకటి ఉంటుంది. అది డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించదు కానీ లినక్స్ ఇన్‌స్టాలర్‌లో కనిపిస్తుంది, అప్పుడు కంగారు పడకండి. ఇవన్నీ తీసేసినా మీకొచ్చేది మహా అయితే ఒకటి రెండు జీబీలు. ఆ కాస్త చోటు కోసం విండోస్‌ను పణంగా పెట్టమని సలహా ఇచ్చినవాళ్లకు అవేమిటో తెలియదనుకుంటాను.

మీ డిస్క్ 512 జీబీ అయినా విండోస్ 476 జీబీ అనే చూపిస్తుంది. మిగిలింది ఎవరూ దాచలేదు. తయారీదార్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కేస్తారు, విండోస్ 1024ను మూడుసార్లు గుణించి లెక్కేస్తుంది. తేడా అక్కడ వస్తుంది. లినక్స్ ఇన్‌స్టాలర్ మళ్లీ తయారీదార్ల లెక్కలో చూపించవచ్చు. అందుకని రెండుచోట్ల అంకెలు సరిగ్గా కలవకపోతే ఏదో పోయిందనుకోవద్దు.

ఇక అసలు పని. ఇందులో ప్రమాదమంతా లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఉంటుందని చాలామంది భయపడతారు. నేను చూసినంతలో, విండోస్‌లో ఉండగా చేయాల్సినవి చేయకుండా పెన్‌డ్రైవ్ పెట్టేసినవాళ్లే ఎక్కువగా చిక్కుల్లో పడ్డారు. కాబట్టి నా జవాబులో పెద్ద భాగం విండోస్ గురించే ఉంటుంది. ఓపికగా చదవండి.

మొదటిది బ్యాకప్. ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు ల్యాప్‌టాప్ బయట ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. అదే డిస్క్‌లో ఇంకో ఫోల్డర్‌లో పెట్టుకున్నది బ్యాకప్ కాదు. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు ఆ హార్డ్ డిస్క్ నుంచే తెరిచి చూడండి. తర్వాత దాన్ని ల్యాప్‌టాప్ నుంచి తీసి పక్కన పెట్టేయండి. లినక్స్ ఎక్కించేటప్పుడు అది తగిలించి ఉండకూడదు. ఇన్‌స్టాలర్‌లో రెండు డిస్కులు కనిపించినప్పుడు చెయ్యి తప్పడం చాలా తేలిక. పార్టిషన్ సైజు మార్చే సమయంలో కరెంటు పోవడమో, బ్యాటరీ అయిపోవడమో జరిగితే ఫైళ్లు పాడైపోవచ్చు కాబట్టి ఛార్జర్ పెట్టే ఉంచండి.

రెండోది చాలామందికి తెలియనిది, తెలియక దెబ్బతినేది. విండోస్ 11 ల్యాప్‌టాప్‌ల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, మనల్ని అడగకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిపోయి (కీ లేకుండా చదవలేనట్టు మారిపోయి) ఉండవచ్చు. దీన్నే డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు, వెనక పనిచేసేది బిట్‌లాకర్. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్తే ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. ఆన్‌లో ఉంటే దానికి 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది. బూట్ సెట్టింగుల్లో మార్పు కనిపించగానే విండోస్ ఆ కీ అడగవచ్చు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ ప్రోగ్రాములనే నడవనిచ్చే సెట్టింగ్) మార్చినా, లినక్స్ బూట్ మెనూ వచ్చి చేరినా ‘ఈ కంప్యూటర్‌ను ఎవరో కదిలించారు’ అని దానికి అనుమానం వస్తుంది. అప్పుడు కీ లేకపోతే సీ డ్రైవ్‌లోని ఫైళ్లను తెరిచే దారి లేదు, ఏ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లినా సరే.

కాబట్టి మైక్రోసాఫ్ట్ అకౌంట్ వెబ్‌పేజీలో మీ డివైస్‌ల కింద ఉన్న బిట్‌లాకర్ రికవరీ కీ ఇప్పుడే చూసి, కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా ఫర్వాలేదు కానీ ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసి ఊరుకోవద్దు. ఆ తర్వాత, మీకు ఇది మొదటిసారి కాబట్టి, డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను ఆఫ్ చేసి పని మొదలుపెట్టమంటాను. డీక్రిప్ట్ కావడానికి కొంత సమయం పడుతుంది, పూర్తయ్యేదాకా ఆగండి. బిట్‌లాకర్ కనిపిస్తే ముందుకు వెళ్లనివ్వని ఇన్‌స్టాలర్లు కూడా ఉన్నాయి, ఆ బాధా తప్పుతుంది. లినక్స్ సరిగ్గా నిలబడ్డాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ బయటికి తీసుకెళ్లేవాళ్లకు ఎన్‌క్రిప్షన్ అవసరమే, శాశ్వతంగా తీసేయమని చెప్పడం లేదు.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్‌ను షట్‌డౌన్ చేశామనుకుంటాం కానీ అది పూర్తిగా ఆగదు. సిస్టమ్ స్థితిని డిస్క్ మీద దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే లేస్తుంది. అంటే సీ డ్రైవ్ సగం తెరిచిన స్థితిలోనే ఉండిపోతుంది. ఆ సమయంలో లినక్స్ ఆ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే, విండోస్ తిరిగి లేచాక తన పాత లెక్కతో కలవక ఫైళ్లు చెడిపోవచ్చు. అందుకే చాలా లినక్స్‌లు అలాంటి డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తాయి, లేదా తెరవనే తెరవవు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. దీనివల్ల విండోస్ లేవడానికి ఇంకొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

ఇప్పుడు మీ 18 జీబీ సమస్యకు వద్దాం. 200 జీబీ ఖాళీ ఉన్నా విండోస్ ఎందుకు ఇవ్వడం లేదు? ఆ ఖాళీ అంతా ఒకేచోట, చివర్లో లేదు కాబట్టి. సీ డ్రైవ్‌ను తగ్గించడమంటే దాని కుడి అంచును ఎడమకు జరపడం. ఆ దారిలో ఉన్న మామూలు ఫైళ్లను విండోస్ తనే పక్కకు సర్దుతుంది. కానీ కొన్ని ఫైళ్లను విండోస్ నడుస్తుండగా కదపలేదు. హాలు మధ్యలో నేలకు బిగించిన మంచం ఉంటే, దాని ఇవతల ఎంత చోటు ఖాళీగా ఉన్నా అడ్డగోడను ఆ మంచం దాకానే జరపగలం కదా. ఇక్కడి మంచాలు ముఖ్యంగా మూడు: హైబర్నేషన్ ఫైలు, వర్చువల్ మెమరీ వాడే పేజ్ ఫైలు, సిస్టమ్ రిస్టోర్ దాచే పాత కాపీలు. మూడింటినీ తాత్కాలికంగా తీసేయవచ్చు.

హైబర్నేషన్‌కు, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అన్న కమాండ్‌ను స్లాష్ హెచ్ ఆఫ్ అని జోడించి ఇవ్వండి (టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే). దీంతో ఆ పెద్ద ఫైలు పోతుంది, ఫాస్ట్ స్టార్టప్ కూడా దానంతటదే ఆగిపోతుంది. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ప్రొటెక్షన్ గురించి వెతికితే రిస్టోర్ పాయింట్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో సీ డ్రైవ్‌కు ప్రొటెక్షన్ ఆపి, ఉన్న రిస్టోర్ పాయింట్లు డిలీట్ చేయండి. అవి పోతే పాత స్థితికి వెళ్లే వీలు పోతుంది, అందుకే బ్యాకప్ ముందు తీసుకోమన్నాను. ఆ పక్క ట్యాబ్‌లోనే అడ్వాన్స్‌డ్, అందులో పర్ఫార్మెన్స్ సెట్టింగులు, వాటిలో వర్చువల్ మెమరీ ఉంటాయి. అక్కడ ‘నో పేజింగ్ ఫైల్’ ఎంచుకుని సెట్ నొక్కండి. ఒకసారి రీస్టార్ట్ చేసి, వేరే ప్రోగ్రాములేవీ తెరవకుండా మళ్లీ ష్రింక్ వాల్యూమ్ చూడండి. ఎక్కువసార్లు ఇక్కడితోనే అంకె బాగా పెరుగుతుంది.

పెరగకపోతే ఏ ఫైలు అడ్డం పడిందో విండోస్ రాసిపెట్టే ఉంచుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్‌లోకి వెళ్లి 259 నంబరు ఈవెంట్ కోసం వెతకండి. కదపలేకపోయిన చివరి ఫైలు పేరు అందులో ఉంటుంది. సెర్చ్ ఇండెక్సో, యాంటీవైరస్ ఫైలో అయితే దాన్ని కాసేపు ఆపి ప్రయత్నించవచ్చు. కొన్నిసార్లు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) తన ఫైళ్ల పట్టికను డ్రైవ్ మధ్యలో పెట్టుకుంటుంది. దాన్ని దాటి డిస్క్ మేనేజ్‌మెంట్ వెళ్లలేదు, అందుకే చాలామందికి సగం దగ్గరే ఆగుతుంది. మీ అవసరానికి సగం దాకా వెళ్లే పనే లేదు కాబట్టి అది మీకు అడ్డు కాకపోవచ్చు. చోటు కోసం డీఫ్రాగ్ పదేపదే నడపకండి, ఎస్‌ఎస్‌డీకి అది అనవసరమైన అరుగుదల.

ఎంత తగ్గించాలి? ఉబుంటుకు కనీసం 25 జీబీ కావాలంటారు. అది ఇన్‌స్టాల్ అవడానికి సరిపోతుంది, వాడుకోవడానికి సరిపోదు. కోర్సు కోసం ప్రోగ్రాములు, కంపైలర్లు, కంటైనర్లు అంటూ ఎక్కిస్తూ పోతే 40 జీబీ కూడా ఇట్టే నిండుతుంది. మీకు 200 ఖాళీ ఉంది కాబట్టి 100 ఇవ్వండి. మిగతా 100 విండోస్ అప్‌డేట్లకు, మీ ఫైళ్లకు ఉండనివ్వండి. తర్వాత పెంచుకుందాంలే అని తక్కువ ఇవ్వడం నాకు నచ్చదు. లినక్స్ పార్టిషన్‌ను ఎడమవైపుకు పెంచాలంటే అందులోని డేటా అంతా జరపాలి, అది గంటల పని, రిస్కు కూడా. ష్రింక్ కిటికీలో సైజు ఎంబీల్లో అడుగుతుంది. 100 జీబీ అంటే 1,02,400 ఎంబీ.

ష్రింక్ అయ్యాక నల్లటి గీతతో ‘అన్‌అలొకేటెడ్’ అని ఒక ఖాళీ ముక్క కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. డీ డ్రైవ్ చేయమన్న సలహా ఇక్కడ పనికిరాదు. డీ డ్రైవ్ చేస్తే అది ఎన్‌టీఎఫ్‌ఎస్ అవుతుంది, లినక్స్ తన రూట్‌ను (సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన భాగాన్ని) అందులో పెట్టుకోదు. చివరికి దాన్ని ఇన్‌స్టాలర్‌లో డిలీట్ చేయాల్సి వస్తుంది. లినక్స్ ఎక్కించేటప్పుడు ఏదైనా డిలీట్ చేయాల్సిన పరిస్థితే లేకుండా చూసుకోవడం అన్నిటికంటే క్షేమం. ఉన్నవాటిని ముట్టుకోకుండా, ఖాళీగా ఉన్నదాన్ని మాత్రమే వాడుకుంటే పొరపాటుకు చోటు చాలా తగ్గిపోతుంది. తర్వాత పేజ్ ఫైలు, సిస్టమ్ ప్రొటెక్షన్ మళ్లీ ఆన్ చేసి, విండోస్‌ను ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేసి బాగానే ఉందని చూసుకోండి.

పాత కంప్యూటర్లు వాడేవాళ్లకు ఇక్కడ ఒక మాట. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ ఎదురుగా లెగసీ అని ఉంటే ఆ డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉంటుంది. అందులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే ఉండగలవు. నాలుగూ ఉన్నచోట ఇంకొకటి చేయబోతే డిస్క్‌ను డైనమిక్‌గా మారుస్తానని విండోస్ అడుగుతుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ సరే అనకండి. ఆ డిస్క్‌లో లినక్స్‌ను పక్కన వేయడం పెద్ద చిక్కవుతుంది, వెనక్కి మార్చడం అంతకంటే పెద్ద చిక్కు. మీది విండోస్ 11 కాబట్టి యూఈఎఫ్‌ఐ, జీపీటీ అనే కొత్త పార్టిషన్ పద్ధతి అయ్యుంటాయి, అందులో 128 పార్టిషన్ల దాకా కుదురుతుంది. ఒకసారి చూసి నిర్ధారించుకోండి చాలు.

పెన్‌డ్రైవ్ విషయం తేలికే. ఉబుంటు ఐఎస్‌ఓ ఫైలును (ఇన్‌స్టాలర్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) అధికారిక సైట్ నుంచే దింపి, రూఫస్ లాంటి ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. సెక్యూర్ బూట్‌ను ఆపమని చాలాచోట్ల రాస్తారు కానీ ఉబుంటు దానితో కలిసి పనిచేస్తుంది, ఆపాల్సిన అవసరం లేదు. బూట్ అయ్యాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకుండా ‘ట్రై ఉబుంటు’ ఎంచుకుని కాసేపు వాడండి. వైఫై వస్తోందా, సౌండ్ ఉందా, టచ్‌ప్యాడ్ పనిచేస్తోందా, మూత మూసి తెరిస్తే లేస్తోందా చూడండి. డిస్క్‌లో ఒక్క బైటూ మారకముందే ఇవన్నీ తెలిసిపోతాయి. వైఫై రాని ల్యాప్‌టాప్‌లో అన్నీ చేసుకున్నాక బాధపడేకంటే ఇది మేలు.

కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో ఇక్కడొక అడ్డంకి వస్తుంది. ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీ కనిపించదు, లేదా ఆర్‌ఎస్‌టీ ఆపమని చెబుతుంది. బయోస్‌లో స్టోరేజ్ ఇంటెల్ సొంత డిస్క్ పద్ధతులైన ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీలో ఉన్నప్పుడు ఇలా అవుతుంది. కొత్త కెర్నళ్లు (లినక్స్ కేంద్ర భాగాలు) చాలావరకు వీఎండీ వెనక ఉన్న డిస్కులను కూడా చూడగలుగుతున్నాయి, అందుకని ముందు తాజా ఉబుంటుతో ప్రయత్నించండి. అయినా కనిపించకపోతే బయోస్‌లో ఆ సెట్టింగ్‌ను ఏహెచ్‌సీఐ అనే సాధారణ పద్ధతికి మార్చాలి. నేరుగా మార్చేస్తే విండోస్ నీలం తెర వేసి ఆగిపోవచ్చు. ముందు విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. లేచే దారిలోనే బయోస్‌లోకి వెళ్లి సెట్టింగ్ మార్చండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి కొత్త పద్ధతికి కావాల్సిన డ్రైవర్‌ను పట్టుకుంటుంది. ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, మీ అకౌంట్ పాస్‌వర్డ్ ముందే గుర్తు చేసుకోండి. ఇది చేయాల్సి వస్తే బిట్‌లాకర్ ఆఫ్‌లో ఉండటం ఎంత మేలో మీకే తెలుస్తుంది.

ఇన్‌స్టాలర్‌లో జాగ్రత్తగా ఉండాల్సిన పేజీ ఒక్కటే, డిస్క్‌ను ఏం చేయాలని అడిగే పేజీ. ‘ఎరేజ్ డిస్క్’ అన్నదాని జోలికి వెళ్లొద్దు, అది విండోస్‌తో సహా మొత్తం తుడిచేస్తుంది. ‘విండోస్ బూట్ మేనేజర్ పక్కన ఇన్‌స్టాల్ చేయి’ అని అర్థం వచ్చే ఎంపిక వస్తే, అది మీరు వదిలిన ఖాళీనే వాడుకుంటోందా, సీ డ్రైవ్‌ను మళ్లీ తగ్గిస్తానంటోందా చదివి చూడండి. అర్థం కాకపోతే మాన్యువల్ ఎంచుకోండి. నాకైతే మాన్యువలే నచ్చుతుంది, ఏం జరుగుతోందో కళ్ల ముందు కనిపిస్తుంది కాబట్టి.

మాన్యువల్‌లో డిస్క్‌ను పేరుతో కాకుండా సైజుతో గుర్తుపట్టండి. పేర్లు అర్థం కాకుండా ఉంటాయి, పెన్‌డ్రైవ్ కూడా అదే జాబితాలో ఉంటుంది. మీరు వదిలిన 100 జీబీ దగ్గర ‘ఫ్రీ స్పేస్’ అని ఉంటుంది. దాన్ని ఎంచుకుని కొత్త పార్టిషన్ చేసి, ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అని, మౌంట్ పాయింట్ ‘/’ (అంటే రూట్) అని పెట్టండి. ఈఎఫ్‌ఐ పార్టిషన్ జాబితాలో ఎఫ్ఏటీ32 అని కనిపిస్తుంది. దాన్ని బూట్ కోసం వాడనివ్వండి కానీ దాని పక్కన ఫార్మాట్ టిక్ ఉండకూడదు. అది ఫార్మాట్ అయితే విండోస్ బూట్ ఫైళ్లు పోతాయి. 100 ఎంబీలో రెండూ పడతాయా అనే అనుమానం వద్దు. ఉబుంటు అందులో కొన్ని ఎంబీలే వాడుతుంది, కెర్నళ్లు తన పార్టిషన్‌లోనే ఉంచుకుంటుంది. కెర్నళ్లను కూడా ఈఎఫ్‌ఐలోనే పెట్టే కొన్ని లినక్స్‌లకు మాత్రం అది చాలదు.

చివర్లో ఏం మారబోతోందో చూపించే పేజీ వస్తుంది. అక్కడ ఫార్మాట్ అయ్యే జాబితాలో మీరు ఇప్పుడే చేసిన కొత్త పార్టిషన్ ఒక్కటే ఉండాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనో, ఎఫ్ఏటీ32 అనో ఫార్మాట్ కింద కనిపిస్తే వెనక్కి వెళ్లండి. ఆ పేజీలో ఇన్‌స్టాల్ నొక్కేదాకా డిస్క్ మీద ఏదీ మారదు, ఎన్నిసార్లు వెనక్కి వచ్చినా నష్టం లేదు. నిద్ర మత్తులోనో, ఎవరో తొందరపెడుతుండగానో ఈ పేజీ దాటకండి.

మీరు చదివిన రూట్, హోమ్, స్వాప్ పద్ధతి తప్పేమీ కాదు, కానీ మీకు అక్కర్లేదు. ర్యామ్ చాలనప్పుడు వాడే స్వాప్‌కు వేరే పార్టిషన్ బదులు ఉబుంటు 17.04 నుంచి మామూలుగా ఒక ఫైలునే వాడుతోంది. లినక్స్‌లో హైబర్నేట్ తప్పనిసరిగా కావాలనుకునేవాళ్లకే ర్యామ్ అంత స్వాప్ విడిగా పెట్టుకోవాలన్న ఆలోచన అవసరం. మీ సొంత ఫైళ్లుండే హోమ్‌ను వేరు చేస్తే, రేపు లినక్స్‌ను మళ్లీ ఎక్కించినా మీ ఫైళ్లు మిగులుతాయన్నది దాని లాభం. కానీ 100 జీబీని రెండుగా విడగొడితే ఒకవైపు నిండిపోయి రెండోవైపు ఖాళీగా పడి ఉండటం తరచూ జరుగుతుంది. మొదటిసారి ఒక్కటే పార్టిషన్ చేసుకుని, ఫైళ్లకు బ్యాకప్ పెట్టుకోండి.

ఇన్‌స్టాల్ అయ్యాక ఆన్ చేసినప్పుడు ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చి ఉబుంటు, విండోస్ రెండూ చూపించాలి. విండోస్ కనిపించకపోతే అది పోయినట్టు కాదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను భద్రత కోసం మామూలుగా ఆపి ఉంచుతున్నారు. గ్రబ్ సెట్టింగుల ఫైల్లో దాన్ని ఆన్ చేసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేస్తే విండోస్ మెనూలోకి వస్తుంది. ఈలోగా యూఈఎఫ్‌ఐ బూట్ మెనూ నుంచి విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుని వెళ్లవచ్చు. ఆ మెనూకి ఏ కీ నొక్కాలో కంపెనీని బట్టి మారుతుంది, మీ ల్యాప్‌టాప్‌కు ఏదో ముందే కనుక్కుని ఉంచుకోండి. డివైస్ ఎన్‌క్రిప్షన్ మళ్లీ ఆన్ చేశాక గ్రబ్ ద్వారా వెళ్తే విండోస్ రికవరీ కీ అడుగుతుంటే, అప్పుడు కూడా ఈ మెనూ దారే వాడండి.

దీనికి వ్యతిరేకంగా, ఒకరోజు గ్రబ్ కనిపించకుండా నేరుగా విండోస్ లేవవచ్చు. పెద్ద అప్‌డేట్ తర్వాత బూట్ వరస మారి ఉంటుంది. యూఈఎఫ్‌ఐలోకి వెళ్లి ఉబుంటును పైకి తెస్తే చాలు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న కొన్ని డ్యూయల్ బూట్ (రెండు సిస్టమ్‌లున్న) కంప్యూటర్లలో లినక్స్ లేవకుండా పోయింది, ఆ సమస్యను మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకుంది. అలాంటివి మళ్లీ రావని ఎవరూ చెప్పలేరు కాబట్టి ఉబుంటు పెన్‌డ్రైవ్‌ను చెరపకుండా దాచుకోండి. విండోస్ రికవరీ పెన్‌డ్రైవ్ కూడా ఒకటి చేసుకుంటే ఇంకా మంచిది.

గడియారం గంటలు తప్పుగా చూపిస్తే కంగారు పడకండి. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయం అనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. లినక్స్‌లో స్థానిక సమయం వాడమని ఒక సెట్టింగ్ మారిస్తే ఇద్దరూ ఒప్పుకుంటారు. విండోస్‌లోని మీ ఫొటోలు లినక్స్‌లోంచి కనిపిస్తాయి. 2021లో వచ్చిన 5.15 నుంచి కెర్నల్‌లోనే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు పూర్తిస్థాయి డ్రైవర్ ఉంది. ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే మాత్రం తెరవడానికి ఆ 48 అంకెల కీ ఇవ్వాలి. లినక్స్ పార్టిషన్‌ను మాత్రం విండోస్ మామూలుగా చదవలేదు, ఫార్మాట్ చేయమంటారా అని ఎప్పుడైనా అడిగితే వద్దనండి.

ఇక మీ చివరి ప్రశ్న. వద్దనుకుంటే వెనక్కి వెళ్లవచ్చు, వరస తప్పకుండా వెళ్లాలి. లినక్స్‌లో దాచుకున్నవి బయటికి తీసుకుని, ముందు యూఈఎఫ్‌ఐలో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి స్థానంలో పెట్టండి. లేకపోతే పార్టిషన్ తీసేశాక గ్రబ్ తన ఫైళ్లు దొరకక నల్ల తెర మీద ఆగిపోతుంది. విండోస్ నేరుగా లేస్తోందని చూసుకున్నాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ 100 జీబీ పార్టిషన్‌ను డిలీట్ చేయండి. ఆ ఖాళీ సీ డ్రైవ్‌కు సరిగ్గా కుడి పక్కనే, రికవరీ పార్టిషన్‌కు ఇవతలే ఉంటుంది కాబట్టి సీ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అంటే తిరిగి కలిసిపోతుంది. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉబుంటు పేరుతో చిన్న ఫోల్డర్ మిగిలిపోతుంది, దానివల్ల ఏ ఇబ్బందీ లేదు, అలాగే ఉండనివ్వండి.